ఫిల్టన్ నుంచి తిరిగి వెళ్లని హైన్‌కెల్‌లు

హైదరాబాద్‌లో రెండో ప్రపంచ యుద్ధం మాట వస్తే చాలు, చరిత్ర కాస్తో కూస్తో చదివినవాళ్లలో ఎవరో ఒకరు నిజాం కొనిచ్చిన యుద్ధవిమానాల సంగతి ఎత్తుతారు. సంగతి నిజమే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళాల కారణంగా బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లోని 110, 152 నంబర్ల స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు చేరింది. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా బొమ్మ ఉంటుంది. 1940 వేసవిలో జర్మన్ బాంబర్లు ఇంగ్లండ్ మీద పగటిపూటే దాడులు చేస్తున్న నెలల్లో, ఆ స్క్వాడ్రన్ దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్ అనే ఫైటర్ విమానాలు నడిపింది. ఇంతవరకు చెప్పేసరికి వినేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "అయితే మనవాళ్లు ఎన్నింటిని కూల్చారు?"

ఆ "మనవాళ్లు" అన్న మాటతోనే నాకు కొంత పేచీ ఉంది. డబ్బు హైదరాబాద్‌దే గాని, ఆ స్పిట్‌ఫైర్లలో కూర్చున్నవాళ్లు బ్రిటన్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి, పోలండ్ నుంచి వచ్చిన కుర్రాళ్లు. అంతకన్నా పెద్ద పేచీ "ఎన్నింటిని" అన్న దాంతో ఉంది. ఈ ప్రశ్నకు పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో సులువుగా దొరికే సమాధానాలన్నీ కూల్చామని చెప్పుకున్నవాళ్ల వైపు నుంచి వచ్చినవి. ఒక వైమానిక దాడిలో ఎన్ని బాంబర్లు పోయాయో నిజంగా తెలుసుకోవాలంటే వాటిని పోగొట్టుకున్నవాళ్ల లెక్కల నుంచి మొదలుపెట్టాలని, అది కూడా రోజు మొత్తానికి వేసిన అంకెతో కాకుండా ఒక్కొక్క విమానాన్నీ విడిగా పట్టుకుని మొదలుపెట్టాలని నా వాదన. దీనికి 1940 సెప్టెంబరు 25న బ్రిస్టల్ పక్కనున్న ఫిల్టన్ మీద జరిగిన దాడిని ఉదాహరణగా తీసుకుంటాను. హైదరాబాద్ స్క్వాడ్రన్ పాల్గొన్న పెద్ద పోరాటాల్లో అదొకటి. అంతేకాదు, దాని ఆధారాలు ఇరువైపులా చెప్పుకోదగ్గంతగా మిగిలాయి.

ముందుగా జరిగింది చెబుతాను. ఫిల్టన్‌లో బ్రిస్టల్ ఏరోప్లేన్ కంపెనీ ఉండేది. బ్లెన్‌హైమ్, బ్యూఫైటర్ విమానాలూ వాటి ఇంజిన్లూ అక్కడే తయారయ్యేవి. ఆ ఉదయం కాంప్ఫ్‌గెష్వాడర్ 55 అనే జర్మన్ బాంబర్ దళానికి చెందిన 58 హైన్‌కెల్ 111లు పోర్ట్‌లాండ్ దగ్గర తీరం దాటి ఉత్తరానికి వచ్చాయి. వాటికి రక్షణగా రెండు ఇంజిన్ల మెసర్‌ష్మిట్ 110 ఫైటర్లు వెంట ఉన్నాయి. నైరుతి ప్రాంత రక్షణ బాధ్యత చూసే 10వ గ్రూప్ అధికారులు ఆ దారి చూసి, యోవిల్‌లోని వెస్ట్‌లాండ్ విమాన కర్మాగారమే లక్ష్యమని అంచనా వేసి, చేతిలో ఉన్న ఫైటర్లను అటు పంపారు. హైన్‌కెల్‌లు మాత్రం యోవిల్‌ను వదిలేసి ముందుకు సాగి, పావు తక్కువ పన్నెండు ప్రాంతంలో ఫిల్టన్ మీద బాంబులు కుమ్మరించాయి. కార్మికులు తలదాచుకున్న షెల్టర్ల మీద కూడా బాంబులు పడ్డాయి. కర్మాగారానికి చెందినవాళ్లే 90 మందికి పైగా చనిపోయారు. అడ్డుకోవాల్సిన ఫైటర్లలో ఎక్కువ భాగం, 152వ స్క్వాడ్రన్‌తో సహా, బాంబర్లు పని ముగించుకుని సముద్రం వైపు తిరిగాకే వాటిని గట్టిగా అందుకోగలిగాయి. అంటే ఈ పోరాటం ఒకచోట జరిగింది కాదు. సోమర్సెట్ పొలాల మీద మొదలై డోర్సెట్ తీరం దాకా సాగింది. లెక్క తేలకపోవడానికి ఇదొక కారణం.

నేల మీద దొరికినవాటితో మొదలుపెడదాం. ఆ దాడికి వచ్చిన హైన్‌కెల్‌లలో నాలుగు బ్రిటన్ గడ్డ మీద పడ్డాయి. ఒకటి బ్రిస్టల్‌కు పడమరన ఫెయిలండ్ దగ్గరి రేస్‌కోర్స్ ఫామ్‌లో. ఒకటి సోమర్సెట్‌లోని వుల్వర్టన్ గ్రామంలో చర్చ్ ఫామ్ దగ్గర. ఒకటి పూల్ పట్టణంలో బ్రాంక్‌సమ్ పార్క్ ఇళ్ల మధ్య. నాలుగోది తీరం దాటబోతూ దాటలేక స్టడ్‌లాండ్ దగ్గరి వెస్ట్‌ఫీల్డ్ ఫామ్‌లో చక్రాలు దించకుండానే నేల మీద దిగింది. వీటి మీద రాసి ఉన్న గుర్తులు ఇవి: ఫెయిలండ్‌ది జి1+డిఎన్, వుల్వర్టన్‌ది జి1+ఇపి, బ్రాంక్‌సమ్‌ది జి1+ఎల్ఆర్, స్టడ్‌లాండ్‌ది జి1+బిహెచ్.

ఈ గుర్తులు చదవడం ఒకసారి తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ముందున్న జి1 అంటే గెష్వాడర్ 55. శిలువ గుర్తుకు అవతలున్న మొదటి అక్షరం ఆ విమానానిది. చివరి అక్షరం స్టాఫెల్‌ది, అంటే తొమ్మిది, పది విమానాల చిన్న దళానిది. హెచ్ అంటే 1వ స్టాఫెల్, ఎన్ అంటే 5వది, పి అంటే 6వది, ఆర్ అంటే 7వది. మూడేసి స్టాఫెల్‌లు కలిస్తే ఒక గ్రుప్పె. అంటే స్టడ్‌లాండ్ విమానం మొదటి గ్రుప్పెది, ఫెయిలండ్, వుల్వర్టన్ విమానాలు రెండోదానివి, బ్రాంక్‌సమ్‌ది మూడోదానిది. ఫ్రాన్స్‌లో మొదటి గ్రుప్పె డ్రూ నుంచి, రెండోది షార్త్ర్ నుంచి, మూడోది విల్లాకుబ్లే నుంచి బయల్దేరేవి. కాబట్టి దెబ్బ ఏదో ఒక మూలన వెనకబడిన గుంపుకే తగిలిందని కాక మూడు గ్రుప్పెలకూ తగిలిందని, ఏ పైలట్ నివేదికా చదవకుండానే, ఈ నాలుగు అక్షరాలు చెబుతున్నాయి.

ఇక పైలట్ల నివేదికల సంగతి. లండన్ శివారులోని క్యూలో ఉన్న జాతీయ దస్తావేజుల భండారంలో ఆనాటి పోరాట నివేదికలున్నాయి. వాటి స్కాన్ ప్రతులు హైదరాబాద్‌లో కూర్చుని కూడా చదువుకోవచ్చు. అచ్చేసిన ఫారం మీద టైప్‌రైటర్‌తో నింపిన కాగితాలవి. తేదీ, స్క్వాడ్రన్, శత్రు విమానాల సంఖ్య, రకం, దాడి చేసిన సమయం, చోటు, ఎత్తు, శత్రువుకు కలిగిన నష్టం అన్నీ వరసగా ఉంటాయి. కింద నాలుగు పేరాల కథనం, సంతకం. నష్టం గడిలో మూడు రకాలుంటాయి: కూలింది, బహుశా కూలింది, దెబ్బతింది. చదువుతుంటే ముచ్చటేస్తుంది. వేడి చల్లారకముందే రాసినవి కాబట్టి అబద్ధమాడుతున్నట్టు ఎక్కడా అనిపించదు. అవి అబద్ధాలు కావు కూడా. కానీ పక్కపక్కన పెట్టి చదివితే, ఒకే తీరం మీద, ఒకే సమయంలో, ఎడమ ఇంజిన్ నుంచి పొగ కక్కుతున్న హైన్‌కెల్ ఒకటి ముగ్గురు మనుషుల కాగితాల్లో మూడు హైన్‌కెల్‌లుగా కనిపించడం మొదలవుతుంది.

ఇలా ఎంత పెరుగుతుందో అంతకు పది రోజుల ముందు, సెప్టెంబరు 15న తేలింది. బ్రిటన్‌లో నేటికీ ఏటా స్మరించుకునే రోజది. ఆ రాత్రి ప్రకటించిన సంఖ్య 185 జర్మన్ విమానాలు. యుద్ధం ముగిశాక జర్మన్ లెక్కలు చేతికొచ్చాయి. 1947లో బ్రిటిష్ ప్రభుత్వమే ఆ రోజుకు తేల్చిన సంఖ్య 56. తర్వాతి పరిశోధకులు దాన్ని కాస్త అటూ ఇటూ సవరించారు గాని, 185 దరిదాపులకు ఎవరూ తీసుకెళ్లలేదు. ఆ రోజు లండన్‌లోని విక్టోరియా స్టేషన్ ముందు కూలిన డోర్నియర్ 17 అనే జర్మన్ బాంబర్ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. 504వ స్క్వాడ్రన్ పైలట్ రే హోమ్స్ తన హరికేన్ ఫైటర్‌తో దాని తోకను ఢీకొట్టి, తాను పారాషూట్‌తో బయటపడ్డాడు. నగరం నడిబొడ్డున జనమంతా చూస్తుండగా జరిగిన ఆ ఘటనలో కూడా, ఆ డోర్నియర్ అప్పటికే వరస నుంచి విడిపోయి, ఒకరి వెంట ఒకరుగా వచ్చిన ఎన్నో ఫైటర్ల కాల్పులు తిని ఉంది. ఒక్కో పైలట్ తాను కాల్చిన క్షణాన్నే చూస్తాడు. ముందు కాల్చినవాడినీ వెనక కాల్చినవాడినీ చూడడు. చూడటానికి ఆగితే బతకడు. ఆకాశంలో ఫైటర్లు ఎక్కువైనకొద్దీ ఒకే విమానాన్ని పంచుకునే చేతులూ ఎక్కువవుతాయి, కాబట్టి అతిలెక్క కూడా పెరుగుతుంది. సెప్టెంబరు 15న రక్షకులు ఎన్నడూ లేనంత సంఖ్యలో గాల్లో ఉన్నారు, ఆ రోజే లెక్క అంతగా ఉబ్బింది. కాబట్టి పైలట్ల క్లెయిములను చెత్తబుట్టలో వేయమని నేననను. శత్రువు నష్టానికి అవి కొలమానం కావనీ, పోరాటం ఎక్కడ, ఎంత గుమిగూడి జరిగిందో తెలిపే సాక్ష్యం మాత్రమేననీ అంటాను.

"మరి జర్మన్ లెక్కను మాత్రం ఎందుకు నమ్మాలి? ఓడినవాడు నష్టాన్ని తగ్గించి రాసుకోడా?" అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ రేడియోలో చెప్పించిన అంకెల గురించైతే వాళ్ల అనుమానం అక్షరాలా నిజం. నేను చెబుతున్నది ఆ అంకెల గురించి కాదు, జర్మన్ వైమానిక దళపు క్వార్టర్‌మాస్టర్ జనరల్ విభాగం రోజువారీ రాసుకున్న నష్టాల జాబితా గురించి. పోయిన విమానం బదులు కొత్తది కావాలంటే, చనిపోయిన సిబ్బంది బదులు మరో సిబ్బందిని పంపాలంటే, ఆ దళం పైకి లెక్క పంపి తీరాలి. నష్టం దాచుకున్న దళానికి విమానాలు రావు. బయటివాళ్లకు చూపించే ఉద్దేశం లేకుండా, సరఫరా కోసం రాసుకున్న కాగితం కాబట్టి దాని మీద నాకు నమ్మకం. శత్రువు నిజాయతీ మీద కాదు, వాడి అవసరం మీద నమ్మకం. యుద్ధం చివర్లో జర్మన్ వైమానిక దళపు దస్త్రాల్లో అత్యధిక భాగాన్ని వాళ్లే తగలబెట్టేశారు. ఈ జాబితాలు మిత్రరాజ్యాల చేతికి చిక్కబట్టే మిగిలాయి.

ఆ జాబితాలో ఒక్కో వరసలో దళం, విమానం రకం, ఫ్యాక్టరీ నంబరు, చోటు, కారణం, సిబ్బంది గతి ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది శాతం. విమానం పూర్తిగా పోతే 100 అని రాస్తారు. 60, ఆపైన ఉంటే మరమ్మతుకు పనికిరాదని కొట్టివేస్తారు. నలభైల్లో ఉంటే ఇంజినో చక్రాల వ్యవస్థో మార్చాలి. పది లోపు ఉంటే దళంలోని మెకానిక్‌లే బాగుచేసుకుంటారు. ఇక్కడే లెక్క వేసేవాడు ఒక నిర్ణయం తీసుకోక తప్పదు. ఇంగ్లిష్ ఛానెల్ దాటి ఫ్రాన్స్ చేరి, రన్‌వే పక్కన పొలంలో పొట్ట మీద దిగి, 70 శాతం దెబ్బతిన్న హైన్‌కెల్‌ను ఆ దాడి నష్టంలో చేర్చాలా? చేర్చాలనే నేనంటాను, ఎందుకంటే మరునాడు ఆ గ్రుప్పెకు ఒక విమానం తక్కువైంది. అదే విమానం 35 శాతంతో బయటపడి, లోపల గన్నర్ చనిపోయి ఉంటే? విమాన నష్టంలో చేరదు, సిబ్బంది నష్టంలో చేరుతుంది. ఈ రెండింటినీ ఒకే గడిలో కలిపేసి "నష్టాలు" అని రాసే పట్టికలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ రెండు లెక్కల మధ్య తేడా ఎంత దూరం వెళ్తుందో 1940 ఆగస్టు 18 నాటి ఘటన ఒకటి చూపిస్తుంది. ఆ మధ్యాహ్నం కాంప్ఫ్‌గెష్వాడర్ 76లోని 9వ స్టాఫెల్‌కు చెందిన తొమ్మిది డోర్నియర్లు చెట్ల ఎత్తులో వచ్చి లండన్ దక్షిణాన ఉన్న కెన్లీ విమానస్థావరం మీద దాడి చేశాయి. వాటిలో ఒకదాని పైలట్‌కు స్థావరం మీదే ప్రాణాంతకమైన గాయం తగిలింది. పైలట్ కాని ఇల్గ్ అనే సిబ్బంది సభ్యుడు పక్కనుంచి చేయి చాచి కంట్రోల్ అందుకుని, విమానాన్ని ఛానెల్ దాటించి, ఫ్రాన్స్‌లోని నోరాన్-ఫోంత్‌లో దించాడు. అందుకతనికి నైట్స్ క్రాస్ పతకం వచ్చింది. ఆ పైలట్ బతకలేదు. కూలిన విమానాల మీద మాత్రమే కన్నేసేవాడికి ఈ డోర్నియర్ అసలు కనిపించదు. ఆ స్టాఫెల్ దృష్టిలో మాత్రం ఒక అనుభవజ్ఞుడైన పైలట్ పోయాడు, అతని చోటు భర్తీ చేయడం కొత్త విమానం తెప్పించుకోవడం కన్నా కష్టం.

జర్మన్ జాబితాలో లోపాలు లేవని నేను చెబితే పైలట్ల క్లెయిములకు పట్టిన గతే నా వాదనకూ పడుతుంది. దళాలు ఆలస్యంగా పంపిన నివేదికలు తర్వాతి రోజుల పేజీల్లో దొరుకుతాయి. కాబట్టి సెప్టెంబరు 25 పేజీ ఒక్కటి చూసి పుస్తకం మూసేస్తే కుదరదు. ఆ పేజీలో ఫిల్టన్‌కు సంబంధం లేనివీ ఉంటాయి: శిక్షణలో కూలినవి, నిఘాకు వెళ్లి రానివి, టేకాఫ్‌లో టైరు పగిలినవి. కారణం గడిలో "శత్రు చర్య వల్ల", "శత్రు చర్య వల్ల కాదు" అన్న విభజన ఉంటుంది గాని, తూటాలు తిన్న ఇంజిన్‌తో తిరిగొచ్చి స్థావరం దగ్గర కూలిన విమానాన్ని ఏ ఖాతాలో వేయాలన్నది రాసే గుమాస్తా చేతిలో ఉండేది. గడియారం గొడవ మరొకటి. 1940 వేసవిలో బ్రిటన్ గ్రీన్‌విచ్ కన్నా ఒక గంట ముందుంటే, జర్మనీ, దాని ఆక్రమణలోని ఫ్రాన్స్ రెండు గంటలు ముందున్నాయి. పగటి దాడిలో దీని వల్ల పెద్దగా నష్టం లేదు. రాత్రి దాడిలో ఆ గంట తేడా తేదీనే మార్చేస్తుంది. బ్రిటన్‌లో 14వ తేదీ రాత్రి పదకొండున్నరకు కూలిన బాంబర్, జర్మన్ గడియారం ప్రకారం 15వ తేదీన కూలినట్టు. రెండు జాబితాలను తేదీతో జతచేసే వాళ్లకు ఒకే విమానం రెండుగా మారే ప్రమాదం ఇక్కడే ఉంది.

అందుకే మూడో ఆధారం కావాలి. బ్రిటిష్ వైమానిక మంత్రిత్వ శాఖలో కూలిన విమానాలను పరిశీలించడానికే ఒక గూఢచార విభాగం ఉండేది. దాని అధికారులు పొలాల్లో, గుంతల్లో, ఇళ్ల పైకప్పుల మీద పడిన శకలాల దగ్గరికి వెళ్లి పంచనామా రాసినట్టే రాసేవారు: మ్యాపు మీద చోటు, రెక్కల మీద గుర్తులు, ఇంజిన్ పేరు పలకలు, కవచం పలకలు ఎక్కడెక్కడున్నాయి, మెషిన్‌గన్లు ఎన్ని, తూటా రంధ్రాలు ఎటు నుంచి వచ్చాయి, నేల మీది నుంచి విమానాలను కాల్చే శతఘ్నుల గుండు ముక్కల దెబ్బలున్నాయా లేదా. గెష్వాడర్ 55లో హైన్‌కెల్ పి, హెచ్ రకాలు రెండూ ఉండేవి. పి రకానికి డైమ్లర్-బెంజ్ ఇంజిన్లు, హెచ్ రకానికి యుంకర్స్ ఇంజిన్లు. కాలి మాడిపోయిన శకలంలో ఒక్క ఇంజిన్ పలక మిగిలితే చాలు, అది జర్మన్ జాబితాలోని ఏ వరసకు చెందదో చెప్పేయవచ్చు. ఏ వరసకు చెందుతుందో చెప్పడం అంత తేలిక కాదు, కానీ చెందనివాటిని ఏరేయడమే ఈ పనిలో సగం. ఫెయిలండ్ హైన్‌కెల్ బ్రిస్టల్ దగ్గరి పోర్ట్‌బరీలో ఉన్న శతఘ్నుల ఖాతాలో చేరింది. ఫైటర్ల గురించి మాత్రమే రాసే పుస్తకాలు దాన్ని రెండు మాటల్లో దాటేస్తాయి.

బతికి పట్టుబడినవాళ్లను విచారించిన కాగితాలు నాలుగో ఆధారం. అధికారులను లండన్ ఉత్తరాన ఉన్న ట్రెంట్ పార్క్ భవనానికి తీసుకెళ్లి ప్రశ్నించడమే కాకుండా, వాళ్ల గదుల్లో రహస్యంగా మైక్రోఫోన్లు పెట్టి వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేవి వినేవారు. తిరిగి రాని సహచర విమానాల గురించి అక్కడ దొర్లిన మాటలకు విలువుంది గాని, బందీలు కూడా గాల్లో ఉన్నంతసేపూ పైలట్ల లాగానే తమ ముందున్నదే చూశారు. ఐదోది మృతులది. సముద్రంలో పడిన విమానం ఏ పంచనామాకూ అందదు. దాని జాడ వారాల తర్వాత కెంట్ తీరానికో హాలండ్ తీరానికో కొట్టుకొచ్చిన శవం మెడలోని గుర్తింపు బిళ్లతోనే దొరుకుతుంది. ఆ బిళ్లల నంబర్లు, మరణ సమాచారం జర్మనీలో ఒక ప్రత్యేక కార్యాలయం దశాబ్దాల పాటు కాపాడింది. ఇప్పుడవి జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. బ్రిటన్‌లో పల్లె శ్మశానాల్లో ఖననమైన జర్మన్ సైనికుల్లో చాలామందిని, 1959లో రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం మేరకు, స్టాఫర్డ్‌షైర్‌లోని కానక్ చేస్ శ్మశానానికి తరలించారు. కాబట్టి "ఫలానా ఊళ్లో సమాధి ఉంది, విమానం అక్కడే పడింది" అన్న తర్కం ఇప్పుడు పనిచేయదు.

సముద్రం ఎంతకాలం దాచుకోగలదో చూడాలంటే ఇంగ్లండ్ తీరంలోని గుడ్‌విన్ సాండ్స్ అనే ఇసుక మేటల దగ్గర దొరికిన డోర్నియర్ ఉంది. 1940 ఆగస్టు 26న దెబ్బతిని నీళ్ల మీద దిగిందని భావించే ఆ విమానాన్ని 2013 జూన్‌లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం పైకి తీసింది. అదెన్నడూ "దొరకని" విమానం కాదు. జర్మన్ జాబితాలో ఆ రోజు పోయిన డోర్నియర్లు డెబ్బై ఏళ్లుగా 100 శాతంతో నమోదై ఉన్నాయి. నేల మీద శకలం లేనంత మాత్రాన నష్టం లేనట్టు కాదని నేను చెప్పబోయేది అదే. ఫిల్టన్ విషయంలో కూడా నేల మీది నాలుగూ కనీస సంఖ్య, అక్కడ లెక్క ఆగిపోకూడదు.

ఎక్కువ విధ్వంసం జరిగిన దాడిలో దాడి చేసినవాళ్లూ ఎక్కువ పోగొట్టుకుని ఉంటారని చాలామంది ఊహిస్తారు. కొవెంట్రీ ఆ ఊహను పడగొడుతుంది. 1940 నవంబరు 14 రాత్రి సుమారు 450 బాంబర్లు ఆ నగరం మీదికి వచ్చాయి, ఐదు వందలకు పైగా మనుషులు చనిపోయారు, రాయల్ ఎయిర్‌ఫోర్స్ ఆ చీకట్లో ఫైటర్లను వందకు పైగా సార్లు గాల్లోకి పంపింది. బ్రిటన్ నేల మీద కూలినట్టు నిర్ధారణ అయింది ఒకే ఒక్క డోర్నియర్, అది కూడా లెస్టర్‌షైర్‌లో శతఘ్నుల దెబ్బకు. చీకట్లో బాంబర్‌ను వెతికి పట్టుకునే రాడార్ పరికరం అప్పటికింకా కొత్తది, కొద్ది విమానాల్లోనే ఉంది. పగటి ఫిల్టన్‌లో 58లో కనీసం నాలుగు, రాత్రి కొవెంట్రీలో 450లో ఒకటి. జర్మన్లు రాత్రులకు ఎందుకు మళ్లారో చెప్పడానికి ఇంతకన్నా పొడవైన వివరణ అవసరం లేదు.

ఇంకొక చిక్కు అడిగిన ప్రశ్నలోనే ఉంది. "బాంబర్ నష్టాలు" అన్నప్పుడు బాంబర్ అంటే ఏది? హైన్‌కెల్, డోర్నియర్, యుంకర్స్ 88 అని విమాన రకాన్ని బట్టి ఏరుకుంటే పని తేలికే. కానీ ఫిల్టన్ దాడికి రెండు రోజుల తర్వాత, సెప్టెంబరు 27న, అదే ఫిల్టన్ మీదికి జర్మన్లు పంపింది ఎర్‌ప్రోబుంగ్స్‌గ్రుప్పె 210 అనే దళాన్ని. దాని చేతిలోనివి మెసర్‌ష్మిట్ 110లు, రక్షణగా వచ్చినవీ మెసర్‌ష్మిట్ 110లే. మొదటివి బాంబులు మోస్తున్నాయి, రెండోవి మోయడం లేదు. 25న ఎదురైన అవమానం తర్వాత బ్రిటిష్ వాళ్లు 504వ స్క్వాడ్రన్‌ను, విక్టోరియా స్టేషన్ కథలోని రే హోమ్స్ ఉన్న ఆ స్క్వాడ్రన్‌నే, హెండన్ నుంచి ఫిల్టన్‌కు మార్చి ఉంచారు. ఈసారి దాడి చెదిరిపోయింది, ఆ గ్రుప్పె కమాండర్ మార్టిన్ లుట్జ్ కూడా చనిపోయాడు. రకాన్ని బట్టి లెక్కించేవాడి పట్టికలో ఆ రోజు ఫిల్టన్ దాడిలో పోయిన బాంబర్లు సున్నా. అందుకే నేను రకాన్ని కాక పనిని బట్టి లెక్కిస్తాను, అంటే ఆ విమానం ఆ రోజు బాంబు మోసిందా లేదా అని. రక్షణ ఫైటర్లకు వేరే వరస పెడతాను, వాటిని బాంబర్లలో కలపను, వదిలేయను కూడా.

ఇదంతా అయ్యాక మొదటి ప్రశ్న అక్కడే నిలబడి ఉంది: హైదరాబాద్ స్క్వాడ్రన్ ఎన్నింటిని కూల్చింది? వుల్వర్టన్ చూడండి. 152వ స్క్వాడ్రన్‌కు చెందిన సార్జెంట్ కెనెత్ హాలండ్ ఇరవై ఏళ్ల ఆస్ట్రేలియా కుర్రాడు. సెప్టెంబరు 25న అతడు వెంటాడిన హైన్‌కెల్, అదే జి1+ఇపి, చర్చ్ ఫామ్ దగ్గర కూలింది. అతడి స్పిట్‌ఫైర్ కూడా దానికి దగ్గరలోనే కూలింది, అతడు చనిపోయాడు. దెబ్బతిన్న హైన్‌కెల్‌ను సమీపం నుంచి చూస్తుండగా దాని గన్నర్ కాల్చాడన్నది ఆ పోరాటం గురించి చెబుతూ వస్తున్న కథ. ఆ పైలట్ తరఫున సంతకం చేసిన పోరాట నివేదిక ఉండే అవకాశమే లేదు. రాయగలిగినవాళ్లంతా తిరిగొచ్చినవాళ్లే కదా! పైలట్ల క్లెయిములతో కట్టిన ఏ పట్టికైనా చనిపోయినవాళ్ల వాటాను తగ్గించి, బతికినవాళ్ల వాటాను పెంచుతుంది. అదే రోజు మిగతా హైన్‌కెల్‌ల మీద 152 పైలట్లతో పాటు 601, 238 వంటి స్క్వాడ్రన్ల హరికేన్లు కూడా కాల్పులు జరిపాయి. ఏ తూటా ఏ ఇంజిన్‌ను ఆపిందో పంచనామా కూడా చెప్పలేదు. సగాలు, మూడో వంతులు అని పంచి స్క్వాడ్రన్ల మధ్య సర్దిన లెక్కలు ఆనాటి అధికారుల సౌలభ్యం కోసం పుట్టాయి. వాటిని కలిపి స్క్వాడ్రన్‌కు ఇన్ని అని గర్వంగా చెప్పుకోవడం మన సౌలభ్యం.

అందువల్ల నేను వేసుకుంటున్న పట్టికలో ఒక్కో విమానానికి ఒక్కో వరస ఉంటుంది: దళం, గుర్తు, ఫ్యాక్టరీ నంబరు, పడిన చోటు, శాతం, సిబ్బందిలో ప్రతి ఒక్కరి గతి, ఏ ఆధారం నుంచి ఏ గడి నిండిందో చెప్పే గుర్తు. కారణం గడిలో ఫైటర్లు, శతఘ్నులు, రెండూ అన్న మూడు మాటలే రాస్తాను. స్క్వాడ్రన్ పేరుకు గడి పెట్టలేదు. ఫెయిలండ్ వరసలో శతఘ్నులు అనీ, వుల్వర్టన్, బ్రాంక్‌సమ్, స్టడ్‌లాండ్ వరసల్లో ఫైటర్లు అనీ ఉంటుంది. "మనవాళ్లు ఎన్ని" అని అడిగినవాళ్లకు ఆ మూడు వరసలు చూపించి, 152 ఆ మధ్యాహ్నం ఆ ఆకాశంలోనే ఉందని చెబుతున్నాను.